బెకీది పిచ్చి, నాది అప్‌గ్రేడ్!

మెట్రోలో ఎదురు సీట్లో కూర్చున్న పెద్దాయన నా చేతిలో పుస్తకం అట్ట చూశారు. తర్వాత నా మొహం చూశారు. మళ్లీ అట్ట చూశారు. అట్టేమో గులాబీ రంగు. దాని మీద చేతినిండా షాపింగ్ బ్యాగులతో ఓ అమ్మాయి బొమ్మ. పుస్తకం పట్టుకున్నదేమో గడ్డం పెంచుకున్న 28 ఏళ్ల బ్యాకెండ్ డెవలపర్. ఆయన్ని తప్పుపట్టలేం. నేనైనా అలాగే చూసేవాణ్ని.

సంక్రాంతికి విజయవాడ వెళ్లినప్పుడు మా అక్క నా బ్యాగులో అరిసెల డబ్బా కింద పెట్టి పంపిన పుస్తకమది. "చదవరా, నీకు పనికొస్తుంది" అంది. నవలేంటి, పనికి రావడమేంటి అనుకున్నా. దాని పేరు 'కన్ఫెషన్స్ ఆఫ్ ఎ షాపహాలిక్'. రాసింది ఇంగ్లండ్ రచయిత్రి సోఫీ కిన్‌సెల్లా. నేను చదివాక మా రూమ్‌మేట్ చదివాడు, సగం. తర్వాత మా టీమ్‌లో ఒకమ్మాయి పూర్తిగా చదివింది. మా అమ్మ పుస్తకం ముట్టుకోకుండానే కథంతా ఫోన్లో చెప్పించుకుంది. ఇప్పుడు ఒక్క పుస్తకానికి మా మధ్య ఐదు తీర్పులున్నాయి. ఒకరోజు ఆఫీసు క్యాంటీన్‌లో గొంతులు కూడా లేచాయి. ఇంత తేలికపాటి నవల మీద అంత గొడవ ఎందుకైందో ఈ వారం చెప్తా.

ముందు కథ. బ్రిటన్‌లో ఇది 2000లో వచ్చింది, అప్పుడు దాని పేరు 'ది సీక్రెట్ డ్రీమ్‌వరల్డ్ ఆఫ్ ఎ షాపహాలిక్'. హీరోయిన్ రెబెక్కా బ్లూమ్‌వుడ్, అందరికీ బెకీ. లండన్‌లో ఉద్యోగం చేసే పాతికేళ్లమ్మాయి. 'సక్సెస్‌ఫుల్ సేవింగ్' అనే పత్రికలో జర్నలిస్టు. అంటే డబ్బు ఎలా దాచుకోవాలో జనానికి చెప్పడం ఆమె పని. ఆమె మాత్రం పీకల్లోతు అప్పుల్లో ఉంటుంది. చెప్పులు కుట్టేవాడి కాళ్లకు చెప్పులుండవన్నట్టు.

నవల మొదలయ్యేదే బ్యాంకు ఉత్తరాలతో. చదువైపోయిన కొత్తలో బ్యాంకు ఎంతో ప్రేమగా రాస్తుంది: మీకు అభినందనలు, ఇదిగో ఓవర్‌డ్రాఫ్ట్, కావలసినంత వాడుకోండి అని. తర్వాతి ఉత్తరాల్లో ఆ ప్రేమ తగ్గుతూ వస్తుంది. బెకీ జవాబులు మాత్రం పెరుగుతూ పోతాయి. కాలు విరిగిందంటుంది, జబ్బు చేసిందంటుంది. ఇంటికి క్రెడిట్ కార్డు బిల్లు వస్తే, తెరవకుండా ముందు లోపల ఎంత ఉంటుందో లెక్కేసుకుంటుంది. తక్కువే అనుకుంటుంది. తెరిస్తే దానికి ఎన్నో రెట్లుంటుంది. నా కార్డు ఎవరో కొట్టేసి వాడారు అనుకుంటుంది. ఒక్కో లైను చదువుతూ పోతే అన్నీ తను కొన్నవే.

ఒక స్కార్ఫ్ ఉంటుంది. డిస్కౌంట్‌లో పెట్టారు, కొనకపోతే ఇంకొకరు పట్టుకుపోతారు. 20 పౌండ్లు తక్కువైతే, ప్రెస్ మీట్‌లో ల్యూక్ బ్రాండన్ అనే పెద్ద పీఆర్ కంపెనీ ఓనర్ దగ్గర అప్పు తీసుకుంటుంది. దేనికంటే, ఆస్పత్రిలో ఉన్న మా అత్తకు కానుక కొనడానికి అంటుంది. తర్వాత అదే స్కార్ఫ్ మెడలో వేసుకుని అతని కంటబడుతుంది. అప్పుడు పాపం ఆ లేని అత్తను చంపేయాల్సి వస్తుంది!

వాళ్ల నాన్న సలహా ఒక్కటే: ఖర్చయినా తగ్గించు, సంపాదనైనా పెంచు. బెకీ ముందు మొదటిది మొదలుపెడుతుంది. బయట తినడం మానేసి కూర ఇంట్లోనే వండుతా అంటుంది. దానికోసం గిన్నెలూ మసాలాలూ పుస్తకమూ కొంటుంది. పార్సిల్ తెచ్చుకున్నా అంత ఖర్చు కాదు. ఉచితంగా పొద్దుపోతుందని మ్యూజియానికి వెళ్తే, అక్కడి వస్తువులకు ధర చీటీలు లేవని విసుగొస్తుంది. చివరికి మ్యూజియం షాపులో తేలుతుంది. సంపాదన పెంచుదామని బట్టల కొట్లో పనికి చేరితే, తనకు నచ్చిన ప్యాంటును కస్టమర్‌కు దొరక్కుండా దాచి, మొదటి రోజే ఉద్యోగం పోగొట్టుకుంటుంది.

ఇలాంటి నవలల్ని ఇంగ్లిష్‌లో 'చిక్ లిట్' అంటారు. చిక్ అంటే వాడుకలో కుర్ర పిల్ల, లిట్ అంటే సాహిత్యం. పేరులోనే కొంచెం వెటకారం ఉంది. 1996లో హెలెన్ ఫీల్డింగ్ 'బ్రిజెట్ జోన్స్ డైరీ' తర్వాత ఈ రకం నవలలు వెల్లువెత్తాయి. నగరం, ఉద్యోగం, రూమ్‌మేట్, బరువు, బాయ్‌ఫ్రెండ్, డబ్బు కష్టాలు. చెప్పేదంతా నవ్విస్తూ. 2001లో బెరిల్ బెయిన్‌బ్రిడ్జ్ అనే పెద్ద రచయిత్రి ఇదంతా నురగ అని కొట్టిపారేసింది. డోరిస్ లెస్సింగ్ ఆమెకు వంతపాడింది. కొత్త తరం రచయిత్రులు ఎదురు తిరిగారు. అంటే మా క్యాంటీన్ గొడవ కొత్తదేం కాదు.

ఇక మావాళ్ల తీర్పులు.

మా అక్కకు ఈ పుస్తకం ప్రాణం. తను బ్యాంకులో పనిచేస్తుంది. "ఆ ఉత్తరాలున్నాయే, అవి రోజూ మేం పంపేవే" అంటుంది. కౌంటర్ అవతలివాళ్లు కట్టలేమని ఒక్కమాట ఎప్పుడూ అనరట. వచ్చే సోమవారం అంటారు, మావారు ఊళ్లో లేరంటారు, ఫోన్ చెడిపోయిందంటారు. "డబ్బు లేకపోవడం కన్నా లేదని చెప్పడమే మనుషులకు కష్టంరా. ఆ సంగతి ఇంత సరదాగా రాసిన పుస్తకం నేనింకోటి చూళ్లేదు" అని అక్క వాదన. రచయిత్రికి ఈ లోకం తెలుసు మరి. కిన్‌సెల్లా అసలు పేరు మాడెలిన్ విక్‌హామ్. మొదట ఆర్థిక విషయాల మీద రాసే జర్నలిస్టు. అసలు పేరుతో అప్పటికే నవలలు వేసింది. ఈ నవలను మాత్రం తన పబ్లిషర్‌కే పేరు చెప్పకుండా పంపింది, తన పేరు చూసి కాకుండా పుస్తకం చూసి తీసుకుంటారో లేదో తెలుసుకుందామని.

మా రూమ్‌మేట్‌ది వరంగల్. సగం చదివి మంచం మీద పడేశాడు. "ఏంది బై గిది? కొంటది, ఏడుస్తది, మళ్ల కొంటది. గింత బుద్ధి లేదా ఆ పిల్లకు? లాజిక్కే లేదు." వాడి తీర్పు రెండు ముక్కలు: ఇది అమ్మాయిల పుస్తకం, బెకీకి బుద్ధి లేదు. ఈ మాట చెప్తున్నప్పుడు వాడి చెవుల్లో 25 వేల హెడ్‌ఫోన్స్ ఉన్నాయి. ఆ సంగతి తర్వాత.

అమ్మది వేరే దారి. అమ్మ యద్దనపూడి సులోచనారాణి పాఠకురాలు. అద్దె పుస్తకాల షాపులో రోజుకింత అని కట్టి తెచ్చుకుని, పాఠ్యపుస్తకంలో పెట్టుకుని చదివిన తరం. వాటిని కూడా అప్పట్లో తాతయ్య 'పనికిమాలిన నవలలు' అనేవారట. వాటిలోంచే 'మీనా', 'సెక్రటరీ', 'జీవన తరంగాలు' సినిమాలయ్యాయి, జనం చూశారు, అది వేరే సంగతి. ఫోన్లో బెకీ కథంతా విని అమ్మ ఒకే ప్రశ్న అడిగింది.

"ఇంతకీ ఆ కోటీశ్వరుడు అబ్బాయి అప్పు కట్టేశాడా?"

"లేదమ్మా. ఆ పిల్లే కట్టుకుంది."

"అయితే మంచి నవలే. మా కాలంలో హీరోకి కారుండేది గానీ హీరోయిన్‌కి ఇంత అప్పుండేది కాదు" అని నవ్వి పెట్టేసింది.

అసలు గొడవ మా టీమ్ అమ్మాయి దగ్గరొచ్చింది. తనది ఒంగోలు వైపు పల్లెటూరు. పుస్తకం రెండు రోజుల్లో చదివేసి, క్యాంటీన్‌లో నా ప్లేటు పక్కన పెట్టింది. నేను స్కార్ఫ్ సీన్ గుర్తుచేసి నవ్వబోయా. తను నవ్వలేదు.

"నేను నాలుగో క్లాసులో ఉన్నప్పుడు మాకు పొగాకు బ్యారన్ ఉండేది. రెండేళ్లు వరుసగా రేటు రాలేదు. అప్పిచ్చినాయన పొద్దున్నే వచ్చి మా అరుగు మీద కూర్చునేవాడు. తిట్టేవాడు కాదు, ఊరికే కూర్చునేవాడు. ఊరంతా చూసేది. నాన్న లోపలే ఉండేవాడు. నాన్న లేడండీ, ఊరెళ్లాడు అని నేను బయటికొచ్చి చెప్పాలి. చిన్నపిల్ల చెప్తే నమ్ముతారని నాతో చెప్పించేవాళ్లు. అదీ అప్పుకోసం చెప్పిన అబద్ధమే. దాని మీద ఎవరైనా కామెడీ రాస్తే నీకు నవ్వొస్తుందా?"

టేబుల్ అంతా నిశ్శబ్దం. ఎవరో "అది వేరు, ఇది వేరు" అన్నారు. "అదే నేనూ చెప్పేది, వేరే" అంది తను. "బెకీ పడిపోతే కింద పరుపుంది. సర్రే కౌంటీలో అమ్మానాన్నల ఇల్లుంది. ఉంటున్నది డబ్బున్న స్నేహితురాలి ఫ్లాట్. అప్పులోళ్లు వెంటపడితే బట్టలు సర్దుకుని అమ్మ దగ్గరికెళ్లిపోయింది. మా నాన్న పడితే కింద బండరాయి. ఆవిడ అప్పు మీద నవ్వడానికి మీకు తీరికుంది, అంతే."

ఇంకొకతను బెకీ తరఫున వాదించాడు. చివర్లో బెకీ మారుతుంది కదా, తన మాట నమ్మి డబ్బు నష్టపోయిన పక్కింటివాళ్లకోసం నిలబడి పత్రికలో రాస్తుంది కదా, టీవీలో ల్యూక్‌తో తలపడుతుంది కదా అన్నాడు. "మారింది. తర్వాత టీవీ ఉద్యోగం వచ్చింది, అప్పు తీరింది, అబ్బాయి కూడా దొరికాడు. నూటికి ఎంతమందికి టీవీ ఉద్యోగం వస్తుంది?" గొంతులు లేచింది ఇక్కడే. లంచ్ టైమ్ అయిపోయింది కాబట్టి సరిపోయింది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తను చెప్పినదాంట్లో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ముగింపు మరీ సులువుగా దొరికేసిందన్నది నిజం. మొదట్నుంచీ వెంటపడ్డ అప్పు ఆఖర్లో అంత తేలిగ్గా తీరిపోవడం నాకూ నచ్చలేదు. సిరీస్‌లో తర్వాతి పుస్తకాల్లో బెకీ మళ్లీ అదే పని చేస్తుంది. న్యూయార్క్ వెళ్లి కొంటుంది, పెళ్లికి కొంటుంది, పుట్టబోయే పాపకు కొంటుంది. అంటే ఆ మారడం కూడా అంతంతమాత్రమే.

కానీ అప్పు మీద నవ్వకూడదన్న మాట దగ్గర నేను ఆగిపోయా. మనం నవ్వలేదా? 1959లో 'అప్పుచేసి పప్పుకూడు' అని సినిమా పేరే పెట్టుకున్నాం. అంతకు ముందు, 1892లో మొదటిసారి ఆడిన 'కన్యాశుల్కం' తెర లేవగానే కనిపించేదెవరు? గిరీశం. విజయనగరంలో ఎటు చూసినా అప్పులే, ఊరు దాటితే గానీ బతకలేని పరిస్థితి. పూటకూళ్లమ్మ సరుకులు తెమ్మని డబ్బిస్తే వాడేసుకుంటాడు. ఫొటోల బాకీ వసూలుకు బంట్రోతు వస్తే మాటలతో బోల్తా కొట్టించబోతాడు. నూట ముప్ఫై ఏళ్లుగా వాణ్ని చూసి నవ్వుతూనే ఉన్నాం. బుద్ధి లేనివాడని ఎవరూ పుస్తకం పక్కన పడేయలేదు. పైగా ముద్దుగా కోట్ చేస్తాం. అదే గిరీశం గౌను వేసుకుని లండన్‌లో స్కార్ఫ్ కొంటే మాత్రం, 'అమ్మాయిల పుస్తకం, తలకాయ లేని పిల్ల' అయిపోయింది.

ఇక్కడే నా వైపు వేలు తిరిగింది.

రెండేళ్లలో నేను కొన్నవి చెప్తా. మెకానికల్ కీబోర్డు ఒకటి, అది బాగుందని ఇంకొకటి. కర్వ్‌డ్ మానిటర్. దానికి ఆర్మ్. కుర్చీ. రన్నింగ్ షూస్ మూడు జతలు (పరిగెత్తింది పదకొండు సార్లు). ఫోన్ మీద ఫోన్. గోవా ట్రిప్పు రెండుసార్లు. ఇందులో ఏ ఒక్కదాన్నీ నేను షాపింగ్ అనలేదు. ఒకటి 'సెటప్', ఒకటి 'అప్‌గ్రేడ్', ఒకటి 'హెల్త్ మీద పెట్టుబడి'. బెకీ కూడా స్కార్ఫ్‌ను ఖర్చనుకోదు, పెట్టుబడి అనుకుంటుంది. ఆ పేజీ దగ్గర మెట్రోలో గట్టిగా నవ్వా. దిగాక గానీ తెలియలేదు, నవ్వింది ఎవరి మీదో.

ఆ రాత్రి కార్డు యాప్ తెరిచా. అప్పటిదాకా నేను చూసేది ఒక్క లైనే: 'కనీసం చెల్లించాల్సిన మొత్తం'. అది కట్టేస్తే పచ్చ టిక్కు వస్తుంది, మనసు కుదుటపడుతుంది. ఈసారి ఇంజినీర్‌లాగా కూర్చుని లెక్కేశా. మొత్తం బాకీ 1,62,000 రూపాయలు. వడ్డీ నెలకు 3.5 శాతం, అంటే ఏడాదికి 42. నెల వడ్డీ 5,670. దాని మీద 18 శాతం జీఎస్టీ ఇంకో 1,020. మొత్తం 6,690. నేను బుద్ధిగా కడుతున్న కనీస మొత్తం 5 శాతం, 8,100. అంటే నా జేబులోంచి ఎనిమిది వేలు పోతే, అసలు బాకీలో తగ్గుతున్నది 1,410 రూపాయలు. బిల్లు పూర్తిగా కట్టడం మానేశాక, కొత్తగా కొన్న వాటికి వడ్డీ లేని గడువు కూడా ఉండదు, కొన్న రోజునుంచే మీటర్ తిరుగుతుంది. ఆ నెల నేను స్విగ్గీలో తిన్న బిర్యానీలే 1,410 దాటాయి. అంటే రెండేళ్లుగా కడుతూనే ఉన్నా, ఉన్నచోటే ఉన్నా.

కనీస మొత్తమే కడుతూపోతే తీరడానికి ఏళ్లు పడుతుందని స్టేట్‌మెంట్‌లోనే రాసుంటుంది. చిన్న అక్షరాలు. నేను చదివేది పచ్చ టిక్కు.

లెక్క తప్పితే సరిదిద్దుకోవచ్చు. నన్ను పట్టుకున్నది లెక్క కాదు. ఇంటి మీద స్లాబ్ వేయిద్దామని నాన్న పోయినేడు నుంచీ అంటున్నారు. "నీకు వీలైనప్పుడు ఒక లక్ష చూడు" అన్నారు, అదీ అడగలేక అడిగినట్టు. నేనేం చెప్పానో తెలుసా? ఈసారి మా కంపెనీలో హైకులు ఆపేశారు, బోనస్ ఇంకా రాలేదు అని. హైక్ వచ్చింది. బోనస్ కూడా వచ్చింది. పది రోజుల్లో అయిపోయింది. నాన్న నన్నే ఓదార్చారు. "పోన్లే నాన్నా, రోజులు బాలేవు కదా, ఉద్యోగం జాగ్రత్త" అన్నారు. బెకీ లేని అత్తను ఆస్పత్రిలో పెట్టింది. నేను ఉన్న బోనస్‌ను లేకుండా చేశా. ఆమె మీద కోపం తెచ్చుకునే హక్కు నాకెక్కడిది?

అప్పుడర్థమైంది, మా ఐదుగురం చదివింది ఒకే పుస్తకం కాదు. అక్క కౌంటర్ ఇవతలినుంచి చదివింది. అమ్మ, ఆడపిల్ల తన కాళ్ల మీద నిలబడిందా లేదా అని చూసింది. టీమ్ అమ్మాయి ఆ అరుగు దగ్గర నిలబడి చదివింది. రూమ్‌మేట్ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చదివాడు. బెకీ ఎవరికి ఎక్కడ తగిలిందో తీర్పు అక్కణ్నుంచే వచ్చింది. పుస్తకం మంచిదా కాదా అని మేం కొట్టుకున్నామనుకున్నాం గానీ, ఎవరి సంగతి వాళ్లే చెప్పుకున్నాం. నవల తేలికే. అందుకే అందరి చేతుల్లోకీ వెళ్లింది. 'వ్యక్తిగత ఆర్థిక ప్రణాళిక' అని అక్క ఏదైనా లావుపాటి పుస్తకం ఇచ్చి ఉంటే నేను అరిసెలు తిని అది అక్కడే వదిలేసేవాణ్ని.

మర్నాడు అక్కకు ఫోన్ చేశా. "అక్కా, ఒక విషయం" అన్నా. "ఎంత?" అంది. ఇంకేం అడగలేదు. అంకె చెప్పా. తిట్టలేదు, బ్యాంకు గొంతుతో మాట్లాడింది. కార్డు మీద 42 శాతం కట్టే బదులు జీతం చూపించి పర్సనల్ లోన్ తీసుకో, వడ్డీ మూడో వంతే పడుతుంది. దాంతో కార్డు బాకీ మొత్తం ఒక్కసారే కట్టేయ్. కట్టాక కార్డు యాప్‌లన్నిట్లోంచీ తీసేయ్, లేకపోతే ఒక అప్పు పోయి రెండవుతాయి. చాలామంది బోల్తాపడేది ఇక్కడేనట, లోన్‌తో కార్డు ఖాళీ చేసి, ఖాళీ అయింది కదా అని మళ్లీ గీకుతారు. ఆఖర్న అంది: "నువ్వు సంక్రాంతికి బోనస్ రాలేదన్నప్పుడే నాకు తెలిసింది. నీ కాళ్లకు కొత్త బూట్లున్నాయి."

అరిసెల కింద పుస్తకం ఎందుకొచ్చిందో అప్పటికి వెలిగింది.

నాన్నకు చెప్పడానికి ఇంకో వారం పట్టింది. ఫోన్లో వద్దనుకుని ఊరెళ్లా. భోజనాలయ్యాక వరండాలో చెప్పా, బోనస్ సంగతితో సహా. నాన్న కాసేపు వీధిలోకి చూస్తూ కూర్చున్నారు. "స్లాబ్ దేముంది, ఎప్పుడైనా వేసుకోవచ్చు. రాలేదని ఎందుకు చెప్పావు?" అన్నారు. అంతే. తిడితే బావుండేది. కిన్‌సెల్లా నవలైతే ఇక్కడ ఏదో ఒకటి జరిగి అందరూ నవ్వేవాళ్లు. మా వరండాలో ఏమీ జరగలేదు. లోపల్నుంచి అమ్మ మజ్జిగ తెచ్చింది, తాగి పడుకున్నాం.

టీమ్ అమ్మాయికి కూడా చెప్పా. తను పుస్తకం గురించి తీర్పు మార్చుకోలేదు, మార్చుకోవాల్సిన పనీ లేదు. "నీకూ కింద పరుపుందిగా, బ్యాంకులో అక్క" అంది. నిజమే. బెకీని చూసి నవ్వుకునేవాళ్లం ఎవరమైనా ఒకసారి కింద ఏముందో చూసుకోవాలి. అరుగు మీద కూర్చునే మనిషి ఇప్పుడు రాకపోవచ్చు. లోన్ యాప్‌ల రూపంలో ఫోన్లోకే వచ్చి, కాంటాక్ట్ లిస్టులో ఉన్నవాళ్లందరికీ మెసేజ్‌లు పెట్టిన కథలు మనం విన్నవే. వాళ్లలో చాలామందికి పరుపు లేదు.

కిన్‌సెల్లా 2025 డిసెంబర్‌లో చనిపోయింది. 55 ఏళ్లే. మెదడులో క్యాన్సర్ అని 2024లో తనే బయటపెట్టింది, ఆ జబ్బు అనుభవం మీద కూడా చిన్న నవల రాసింది. నురగ రాస్తుందని పేరు పడ్డ రచయిత్రి.

మీరు చదివి ఉంటే మీకు బెకీ మీద నవ్వొచ్చిందా, ఒళ్లుమండిందా? ఏది వచ్చినా పర్లేదు, ఎందుకొచ్చిందో కూడా ఓసారి చూసుకోండి. చదవకపోతే, ముందు మీ కార్డు స్టేట్‌మెంట్ తెరిచి, పచ్చ టిక్కు కాదు, మొత్తం బాకీ ఉన్న లైను చూడండి. అది కూడా చదవదగిందే.

పోయిన ఆదివారం నా లోన్ రెండో వాయిదా కట్టా. స్లాబ్ వచ్చే వేసవికి అనుకుంటున్నాం. రాత్రి రూమ్‌మేట్ ఫోన్‌కి ఏదో మెసేజ్ వచ్చింది. ఈఎంఐ బౌన్స్ అయినట్టుంది, మొహం మాడిపోయింది. చాలాసేపు సీలింగ్ చూసి, హెడ్‌ఫోన్స్ తీసి పక్కన పెట్టి అడిగాడు.

"బై, ఆ గులాబీ పుస్తకం ఏడున్నది?"